అమెరికా సామాన్ల కోసం ఎఫ్‌డీ తీయాలా?

అంబాజీపేట నుంచి ఒక అమ్మ రాశారు. కొడుకు, కోడలు తొమ్మిదేళ్ల తర్వాత న్యూజెర్సీ నుంచి ఇంటికి వచ్చేస్తున్నారట. 65 అంగుళాల టీవీ, మైక్రోవేవ్, కోడలు ముచ్చటపడి కొనుక్కున్న పిండి కలిపే మిషన్, ఇంకా చిన్నాచితకా అన్నీ ఓడలో వేసేస్తామంటున్నారు. ఓడ ఖర్చుకీ ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్లకీ కలిపి రెండు లక్షల ఎఫ్‌డీ తీయమంటారా అని అడుగుతున్నారు. పక్కింటివాళ్లు కువైట్ నుంచి తెచ్చిన మిక్సీ ఆరేళ్లుగా బాగానే తిరుగుతోంది కదా, మనవెందుకు పనిచేయవు అన్నది ఆవిడ సందేహం.

అమ్మా, ముందు ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. మధ్యలో తీస్తే, డబ్బు ఉంచిన కాలానికి వచ్చే వడ్డీ రేటులోంచి చాలా బ్యాంకులు అర శాతం నుంచి ఒక శాతం దాకా కోసేస్తాయి. పాత సామాన్ల కోసం ఆ నష్టం ఎందుకు?

పక్కింటి మిక్సీ సంగతి. కువైట్‌లో కరెంటు 240 వోల్టులు, 50 హెర్ట్జ్ (అంటే కరెంటు అల సెకనుకి 50 సార్లు తిరుగుతుంది). మనది 230, 50. దాదాపు ఒకటే, పిన్ను మార్చుకుంటే చాలు, అందుకే కోనసీమలో గల్ఫ్ సామాన్లు ఇన్నేళ్లుగా ఇబ్బంది లేకుండా నడుస్తున్నాయి. అమెరికాలో అలా కాదు, 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అక్కడి వస్తువుని నేరుగా మన ప్లగ్గులో పెడితే రెట్టింపు వోల్టేజీ తగులుతుంది, వేడి చేసే వస్తువులైతే నాలుగు రెట్లకు దగ్గరగా వాట్లు లాగేస్తాయి. ఎయిర్‌పోర్టుల్లో అమ్మే అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుందే గానీ వోల్టేజీ తగ్గించదు. పాలకొల్లులో మా పెద్దక్క వాళ్లింట్లో అమెరికా రైస్ కుక్కర్‌ని అలాంటి అడాప్టర్‌తోనే పెట్టారు, నిమిషంలో పొగ వచ్చింది, పక్కనే పసిపిల్ల ఆడుకుంటోంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాబట్టి మీ అబ్బాయిని ప్రతి వస్తువు వెనకున్న లేబుల్ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి. 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. ల్యాప్‌టాప్, ఫోన్ చార్జర్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే అప్పుడు లెక్క వేయాలి.

మైక్రోవేవ్‌నే చూడండి. వెయ్యి వాట్లది అంటే గోడ నుంచి 1500 పైనే లాగుతుంది. దానికి కనీసం రెండు వేల వాట్ల స్టెప్‌డౌన్ (వోల్టేజీ తగ్గించే) ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది బరువుగా ఉంటుంది, వాడనప్పుడు ఆపేయకపోతే ఊరికే కరెంటు తింటూ ఉంటుంది. 30 వాట్లే అనుకున్నా, రోజంతా ఉంచేస్తే నెలకి 21 యూనిట్లు దాటుతుంది. పైగా అది వోల్టేజీ తగ్గిస్తుంది కానీ 60 హెర్ట్జ్ ఇవ్వలేదు, పాత పద్ధతి మైక్రోవేవ్‌లు 50 మీద ఎక్కువ వేడెక్కుతాయి. ఇక్కడ కంపెనీ వారంటీ కూడా ఉండదు. అక్కడే అమ్మేసి అమలాపురంలో కొత్తది కొనుక్కోమనండి.

టీవీకి ఇంకో చిక్కుంది. అమెరికా టీవీలో ఉండే ట్యూనర్ (ఛానళ్లు పట్టే భాగం) అక్కడి ఏటీఎస్‌సీ అనే ప్రసార పద్ధతి కోసం చేసింది. మన దూరదర్శన్ యాంటెన్నా ప్రసారాలది డీవీబీ-టీ2 అనే వేరే పద్ధతి, కేబుల్, డిష్ కూడా వేరే డీవీబీ పద్ధతులే. సెట్‌టాప్ బాక్స్‌ని హెచ్‌డీఎంఐ వైరుతో కలిపితే ఛానళ్లు రావచ్చు, కానీ మన బాక్సులు 50 హెర్ట్జ్ బొమ్మ (సెకనుకి 50 సార్లు మారేది) పంపుతాయి, కొన్ని అమెరికా టీవీలు దాన్ని తీసుకోవు, తెర నల్లగానే ఉంటుంది. టీవీ మాన్యువల్‌లో హెచ్‌డీఎంఐ దగ్గర 1080, 50 హెర్ట్జ్ అని రాసి ఉందో లేదో చూడమనండి.

ఉన్నా సరే, కస్టమ్స్ ఉంది. 2013 ఆగస్టు 26 నుంచి ఫ్లాట్ టీవీలకి ప్రయాణికుల సుంకం మినహాయింపు తీసేశారు. ఇప్పటి రేటు ఎంతో బయల్దేరేముందే కస్టమ్స్ సైట్‌లో చూసుకోవాలి. మరోపక్క 2025 సెప్టెంబరు 22 నుంచి ఇక్కడ 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఓడ ఖర్చు, సుంకం, దారిలో తెర పగిలే భయం అన్నీ కలిపి, ఇక్కడి కొత్త టీవీ ధర పక్కన రాసి చూడండి. నాకైతే టీవీ తేవడంలో లాభం కనిపించడం లేదు.

కోడలి పిండి మిషన్ మాత్రం రానివ్వండమ్మా. ఇలాంటివి సాధారణంగా మూడు నాలుగొందల వాట్లే లాగుతాయి, లేబుల్ మీద ఉన్నదానికి రెట్టింపు వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ కొంటే చాలు, అది చిన్నదే. ఆ అమ్మాయి తొమ్మిదేళ్లు పరాయి దేశంలో కాపురం చేసి వస్తోంది, ఇష్టపడి కొనుక్కున్న ఒక్క వస్తువు వంటింట్లో ఉంటే తప్పేం లేదు.

ఓడ ఖర్చు మిగిలితే దాంట్లోంచి కొంత మీ ఇంటి వైరింగ్‌కి పెట్టమనండి. పాత ఇల్లయితే ఎర్తింగ్ ఒకసారి చూపించండి, వంటింట్లో 16 ఆంపియర్ల పాయింట్లు రెండు వేయించండి. వానలు మొదలవకముందే చేయించేస్తే పిల్లలు వచ్చేసరికి ఆ పని అయిపోతుంది.