హన్మకొండ అమ్మాయి బాస్కెట్‌బాల్ ఆడుకుంటనే బతకొచ్చా?

బతకొచ్చు, గని మన దేశంలో ఆ జీతం ఆటకు కాదు, ఆటతోని వచ్చే ఉద్యోగానికి ఇస్తరు. ఆడోళ్లకు ఏటేటా ఆగకుండా నడిచే పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఇక్కడ నిలబడలేదు, టీవీ డబ్బులు లేవు, స్పాన్సర్లు తక్కువ, అందుకే మంచి ప్లేయర్లు ఎక్కువగా స్పోర్ట్స్ కోటాల రైల్వేలకు పోతరు, అక్కడ నెల జీతం వస్తది, ప్రాక్టీస్‌కు, టోర్నమెంట్లకు టైం ఇస్తరు, మోకాలు దెబ్బతిని ఆట ఆగినా నౌకరి ఉంటది (ఇది చిన్న విషయం కాదు). కాజీపేట జంక్షన్ చూసుకుంట పెరిగినోళ్లకు రైల్వే నౌకరి విలువ వేరే చెప్పాల్నా!

గీతు అన్నా జోస్‌నే చూడండి. కేరళ అమ్మాయి, ఆరడుగుల పైన ఎత్తు, సదరన్ రైల్వేల ఉద్యోగం, ఇండియా టీంకు కెప్టెన్‌గ చేసింది, ఆస్ట్రేలియాకు పోయి అక్కడి బిగ్ వీ లీగ్‌లో రింగ్‌వుడ్ క్లబ్‌కు ఆడింది, 2014లో అర్జున అవార్డు వచ్చింది. ఇంత కెరీర్‌ల కూడా వెనక ఉన్న ఆసరా రైల్వేనే.

చానామంది ఆమె అమెరికా డబ్ల్యూఎన్‌బీఏల (అక్కడి ఆడోళ్ల పెద్ద ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) ఆడిందనుకుంటరు, అది తప్పు. 2011లో అక్కడి టీంలకు ట్రయౌట్స్ ఇచ్చింది, కాంట్రాక్ట్ రాలేదు. ట్రయౌట్ అంటే పిలిచి ఆట చూసుడు, అంతే, టీంల తీసుకున్నట్టు కాదు. అయినా ఆ గడప దాకా పోవుడే మన దేశం అమ్మాయికి చాలా పెద్ద సంగతి.