హెపిస్‌లో గుండె కండర కణం పీహెచ్ కోలుకోవడం ఎందుకు ఆలస్యమవుతుంది?

అమోనియం క్లోరైడ్ ఇచ్చి కడిగేసి కణం లోపలిని ఆమ్లంగా మార్చాక, కణాలు హెపిస్‌లో (కార్బన్ డయాక్సైడ్ అక్కర్లేని కృత్రిమ బఫర్ ద్రావణం) కన్నా బైకార్బనేట్ ద్రావణంలో త్వరగా కోలుకుంటున్నాయి, పీహెచ్‌ను చూపే డైలో లోపమా అని అడిగారు. డైని అనుమానించకండి. తేడా ద్రావణానిదే.

పొర వోల్టేజీ మైనస్ 80 మిల్లీవోల్టులు, బయటి పీహెచ్ 7.4 ఉన్నప్పుడు ప్రోటాన్లను వాటి మానాన వదిలేస్తే లోపలి పీహెచ్ 6.1 దగ్గర ఆగాలి. నిజంగా ఉండేది 7.1–7.2. అంటే కణం ఆమ్లాన్ని నిత్యం తోడిపోస్తూనే ఉంటుంది. ఎన్‌హెచ్‌ఈ1 అనే పొర ప్రోటీన్ ఒక సోడియంను లోపలికి రానిచ్చి ఒక ప్రోటాన్‌ను బయటకు పంపుతుంది. సోడియం–బైకార్బనేట్ వాహకాలు బైకార్బనేట్‌ను లోపలికి తెస్తాయి. కార్బన్ డయాక్సైడ్ లేని హెపిస్‌లో వీటికి తేవడానికి సరుకే ఉండదు, మీకు కనిపించేది దాదాపుగా ఎన్‌హెచ్‌ఈ1 పని ఒక్కటే. సరిచూసుకోవాలంటే ఎన్‌హెచ్‌ఈ1ను ఆపే కారిపోరైడ్ 10 మైక్రోమోలార్ వేయండి. హెపిస్‌లో కోలుకోవడం దాదాపు ఆగిపోతుంది, బైకార్బనేట్‌లో మెల్లగానైనా సాగుతుంది.

అసలు పొరపాటు జరిగేది లెక్క దగ్గర. పీహెచ్ పెరిగే వేగాన్ని నేరుగా పోల్చకూడదు, దాన్ని బఫర్ సామర్థ్యంతో (పీహెచ్‌ను ఒక యూనిట్ మార్చడానికి కావాల్సిన ఆమ్లం లేదా క్షారం) గుణించాలి. 5 శాతం కార్బన్ డయాక్సైడ్, 22 మిల్లీమోలార్ బైకార్బనేట్ ఉంటే, లోపలి పీహెచ్ 7.1 వద్ద కణంలో 11 మిల్లీమోలార్ బైకార్బనేట్ ఉంటుంది. దీన్ని 2.3తో గుణిస్తే ఈ ఒక్క బఫర్ సామర్థ్యమే పీహెచ్ యూనిట్‌కు 25 మిల్లీమోలార్లు. పీహెచ్ 6.7కి దిగితే అది 10కి పడిపోతుంది. ఇంత బఫర్ అడ్డున్నా పీహెచ్ గీత నిటారుగా లేచిందంటే, బయటకు పోయిన ఆమ్లం మీరు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ. ఎప్పుడైనా ఒకే పీహెచ్ వద్దే పోల్చండి. బైకార్బనేట్‌లో పీహెచ్ అంత లోతుకు దిగదు కూడా.

సిలికాన్ గొట్టాలు వాడకండి, దారిలోనే కార్బన్ డయాక్సైడ్ పోయి, కణాన్ని చేరేసరికి ద్రావణం క్షారమవుతుంది. 20 మిల్లీమోలార్ అమోనియం క్లోరైడ్ కలిపేటప్పుడు అంతే సోడియం క్లోరైడ్ తగ్గించండి, లేకపోతే కణం కుంచించుకుపోతుంది. హెపిస్ నుంచి బైకార్బనేట్‌కు మార్చగానే కార్బన్ డయాక్సైడ్ లోపలికి దూరి పీహెచ్ కాస్త దిగుతుంది, అది నిలకడపడేదాకా ఆగండి. నైజెరిసిన్ (కణం లోపలి, బయటి పీహెచ్‌ను సమానం చేసే పదార్థం), 140 మిల్లీమోలార్ పొటాషియంతో చేసే క్యాలిబ్రేషన్ చివర్లోనే చేయండి. నైజెరిసిన్ గొట్టాలకు అంటుకుని తర్వాతి కణాలనూ పాడుచేస్తుంది కనుక ఆ లైను వేరుగా ఉంచండి.