కారులో పాత నావిగేషన్ సెట్ ఉంచుకోవాలా, కొత్తది వేయించాలా?

మీ 2013 కారులో కంపెనీ సెట్ బాగానే పనిచేస్తోందంటున్నారు, మార్చాలా అని అడిగారు. దారి కోసమైతే మార్చండి. పాట కోసమే అయితే తొందరపడకండి.

పాత సెట్లో మ్యాపు ఎస్‌డీ కార్డులో ఉంటుంది. కార్డు అప్‌డేట్ చేయకపోతే ఆ తర్వాత కట్టినవేవీ దానికి తెలియవు. విశాఖలోని ఎన్‌ఏడీ కొత్తరోడ్డు ఫ్లైఓవర్ ఎక్కగానే బాణం గుర్తు రోడ్డు వదిలేసి పక్కకు జరుగుతూ, "వెనక్కి తిరగండి" అంటుంటుంది. ట్రాఫిక్ సంగతీ చెప్పదు. కొత్త సెట్లో ఫోన్‌ను కారు తెరకు కలిపే ఆండ్రాయిడ్ ఆటో, ఐఫోన్‌కైతే కార్‌ప్లే ఉంటాయి. తెరపై కనిపించేది ఫోన్‌లోని మ్యాపే కాబట్టి ఎప్పటికప్పుడు తాజాగా ఉంటుంది.

అయితే పాతదానికి ఒక గొప్ప గుణం ఉంది. అరకు దారిలో అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే చాలాచోట్ల సిగ్నల్ పోతుంది. జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు, మ్యాపు కార్డులోనే ఉంది గనక పాత సెట్ ఆగదు. కొత్తదాంట్లో అదే నమ్మకం కావాలంటే అరకు బయల్దేరే ముందే ఫోన్‌లో ఆ ప్రాంతం మ్యాపు ఆఫ్‌లైన్‌గా దించుకోండి.

ఆడియోలో తేడా అనుకున్నంత ఉండదు. స్పీకర్లు పాతవే అయితే శబ్దమూ దాదాపు అలాగే ఉంటుంది. పైగా చూపు రోడ్డు మీదే ఉంచి తిప్పగలిగే వాల్యూమ్ నాబ్ కొత్త సెట్లలో చాలావాటికి లేదు. నాబ్ ఉన్నదే తీసుకోండి.

వేయించేటప్పుడు వైర్లు కోయనివ్వకండి, మీ మోడల్ కప్లర్ (వైర్లు కోయకుండా సెట్‌కు తగిలించే ప్లగ్) అడగండి. స్టీరింగ్ బటన్లు, రివర్స్ కెమెరా పనిచేస్తున్నాయో లేదో అక్కడే చూసుకుని డబ్బివ్వండి.