మొదటిసారి ఫ్లాటు కొంటున్నాం, అడ్వాన్సు ఇవ్వమంటున్నారు. ముందు ఏం చూడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా: ఇద్దరూ విజయవాడలో ఉద్యోగులు, చేతిలో ఓ పది లక్షలున్నాయి, కానూరు వైపు యాభై లక్షల ఫ్లాటు చూశారు. ఆదివారంలోగా లక్ష అడ్వాన్సు ఇస్తేనే ఈ రేటు అంటున్నాడు బిల్డరు. ఇవన్నీ మాకు నేర్పేవాళ్లెవరు అని మీ ప్రశ్న.

ఆదివారం సంగతి మర్చిపోండి. నేనూ మావారూ గుంటూరులో కొనేటప్పుడు గమనించింది ఏంటంటే, మన చుట్టూ తిరిగే ప్రతివాళ్లకీ అమ్మకం జరిగితేనే డబ్బులు. మధ్యవర్తికి కమీషను, సైటు ఆఫీసు కుర్రాడికి టార్గెట్టు, లోను ఏజెంటుదీ అదే కథ. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. కానీ "ఇది వద్దండీ" అని చెప్పినా తనకి పోయేదేమీ లేని మనిషి ఒకరు మన పక్కన ఉండాలి. మాకు ఆ మనిషి సివిల్ కేసులు చూసే ఒక లాయరు. ఆయనకి ఫీజు ఇచ్చేది మనమే కాబట్టి మనవైపు నుంచి చూస్తాడు.

విద్యానగర్‌లో మాకు బాగా నచ్చిన ఫ్లాటు ఒకటుండేది. ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీస్తే శుభ్రంగా ఉంది. లాయరుగారు మాత్రం లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే స్థలం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత దస్తావేజులు, తెప్పించుకున్నారు. స్థలం తండ్రి నుంచి ఇద్దరు కొడుకులకి పంపకాల్లో వచ్చింది, వాళ్లు బిల్డరుకి డెవలప్‌మెంటుకి ఇచ్చారు, అంటే అతను కట్టి ఫ్లాట్లు ఇద్దరూ పంచుకునేలా. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడిగితే ఒక ఆడపడుచు బయటపడింది. ఆవిడ సంతకం ఎక్కడా లేదు. "పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం కదండీ" అన్నారు అన్నదమ్ములు. కాగితం ఏదీ అంటే మాట లేదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి సమాన వాటా మన రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా మన ఊళ్లలో ఇప్పటికీ ఈ మాటే చెల్లుతుందనుకుంటారు. ఆవిడ చేత హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించి తెండి, అప్పుడు కొంటాం అన్నాం. తేలేదు, మేం వదిలేశాం. ఈసీలో కనపడేది రిజిస్టరైన లావాదేవీలే. రావాల్సిన సంతకం రాలేదన్న సంగతి అందులో ఉండదు. బ్యాంకు ప్యానెల్ లాయరు ఎలాగూ చూస్తాడు కదా అనుకోకండి, ఆయన చూసేది బ్యాంకు అప్పు భద్రత కోసం. ఆ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి, మన లాయరుకి పనికొస్తుంది.

ఇక డబ్బు లెక్క. ఫ్లాటు చూడకముందే బ్యాంకుకి వెళ్లి మీ ఇద్దరి జీతాల మీద ఎంత వస్తుందో తెలుసుకోవాల్సింది, పోనీ ఇప్పుడైనా వెళ్లండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల వరకు అప్పు అయితే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం దాకా ఇవ్వొచ్చు. అంటే మీకు గరిష్ఠంగా 40 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చుల్ని ఆ విలువలో కలపరు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 3.75 లక్షలు. ఇంకా కడుతున్న బిల్డింగే కాబట్టి 5 శాతం జీఎస్టీ, అది మరో 2.5 లక్షలు. ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం) వచ్చాక కొంటే ఈ జీఎస్టీ ఉండదు. అప్పు పోను మిగిలిన పది లక్షలతో కలిపి మొత్తం మీద మీ చేతి నుంచి 16 లక్షలు దాటుతుంది, అదీ కప్‌బోర్డులూ ఫ్యాన్లూ పెట్టించకముందు. పది లక్షలతో ఇది కుదరదు. 50 లక్షలు, ఆపైన అయితే అమ్మేవాళ్లకిచ్చే సొమ్ములోంచి 1 శాతం టీడీఎస్ (వాళ్ల ఆదాయపు పన్ను కింద ముందే పట్టేది) పట్టి మీరే ప్రభుత్వానికి కట్టాలి, అది కూడా ఎవరూ గుర్తుచేయరు.

బడ్జెట్ తగ్గించుకునే ఆలోచన ఉంటే ఒక మాట. 35 లక్షల లోపు ఇల్లు, 25 లక్షల లోపు అప్పు, కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివాళ్లకి కేంద్రం గృహ పథకం పీఎంఏవై అర్బన్ 2.0లో గరిష్ఠంగా 1.80 లక్షల వడ్డీ రాయితీ ఉంది. బ్యాంకులో నోరు తెరిచి అడగండి.

రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) నంబరు ఉందా అని అడిగారా? మన విజయవాడ, గుంటూరుల్లో అసలు తిరకాసు ఇక్కడే. స్థలం 500 చదరపు మీటర్లు (మన లెక్కలో దాదాపు 600 గజాలు) దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన వీధుల్లో అంతస్తుకి ఒకటో రెండో ఫ్లాట్లతో లేచే చిన్న అపార్టుమెంట్లు చాలావరకు ఇవే. అలాంటిదైతే మున్సిపల్ ప్లాను, డెవలప్‌మెంట్ అగ్రిమెంటు తెప్పించుకుని, మీ ఫ్లాటు స్థలం యజమాని వాటాలోదా, బిల్డరు వాటాలోదా చూడండి. ప్లానులో లేని పై అంతస్తు అయితే ఎంత తక్కువకిచ్చినా నేను ముట్టుకోను. బిల్డరు హామీగా మున్సిపాలిటీకి తనఖా పెట్టిన పది శాతంలో మీ ఫ్లాటు ఉందేమో కూడా అడగండి, ఓసీ వచ్చేదాకా దాన్ని వదలరు.

నీళ్ల సంగతి బిల్డరుని అడగొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగాక విజయవాడలో ఎక్కడ కొన్నా పక్కింటివాళ్లనీ, సందు చివర కిరాణా కొట్టాయననీ అడగడమే మేలు. ఎక్కడిదాకా వచ్చాయో వాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

చివరగా ఆ లక్ష. రెరా వర్తించే ప్రాజెక్టులో రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు, లక్ష ఆ లోపే. కానీ చెక్కు రూపంలోనే ఇవ్వండి. "లీగల్ క్లియర్ కాకపోయినా, లోను రాకపోయినా అడ్వాన్సు మొత్తం వాపసు" అని రసీదు మీద రాయించి సంతకం పెట్టించుకున్నాకే చెక్కు చేతికివ్వండి. మేం గోరంట్లలో కొన్న బిల్డరు ముందు సణిగినా రాసిచ్చాడు. మీవాడు రాయనంటే మాత్రం చెక్కు బ్యాగులోంచి తియ్యకండి.