జెనోవాలో వెలుతురు కోసం కాచుకోవాలి

అక్టోబరులో మిలాన్‌లో ఆఫీసు పని ముగిశాక శని, ఆదివారాలు ఖాళీ అని, సముద్రం ఒడ్డున ఉన్న పాత ఇటలీ నగరాన్ని ఫొటోలు తీయాలని ఉందని రాశారు. సముద్రపు కొండవాలు మీది అయిదు పల్లెలైన చింక్వె తెర్రెకు వెళ్లాలా జెనోవాకా, 24-70 మి.మీ. జూమ్, 35 మి.మీ. లెన్సులు సరిపోతాయా, ట్రైపాడ్ మోయాలా అన్నవి మీ ప్రశ్నలు.

జెనోవాకే వెళ్లండి. చింక్వె తెర్రె అందంగానే ఉంటుంది, కానీ అక్కడ మీరు తీయబోయే ఫొటో ఇప్పటికే అందరి ఫోన్లలోనూ ఉంది. జెనోవా అలా కాదు. అంత సులువుగా లొంగదు. మిలాన్‌లో చదువుకున్న రోజుల్లో అయిదుసార్లు వెళ్లాను. మొదటిసారి తీసిన ఆరువందల ఫొటోల్లో దాచుకోదగ్గవి నాలుగు కూడా లేవు. ఎందుకు లేవో చెబితే మీకు ఒక రోజు మిగులుతుంది.

సముద్రతీర నగరం కదా అని నేను సముద్రాన్ని వెతుక్కుంటూ వెళ్లాను. పాత ఊళ్లో నిలబడితే సముద్రం కనిపించదు. వెనుక కొండలు, ముందు రేవు, మధ్యలో చోటు లేదు. అందుకని ఇళ్లు ఆరేడు అంతస్తులు పైకి పెరిగాయి. వాటి మధ్య మిగిలినవే కరుజ్జి అని అక్కడివారు పిలిచే గొందులు. కొన్నింటిలో చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. ఊరికీ రేవుకీ నడుమ 1965లో కట్టిన పై వంతెన రోడ్డు ఒకటి అడ్డం. ఫొటోలు తీసేవారు దాన్ని తిట్టుకుంటారు. నాకు మాత్రం అదంటే ఇష్టమే. దాని కింద నుంచి రంగురంగుల పాత భవనాలను చట్రం కట్టినట్టు తీయవచ్చు.

మొదటి రోజు కాళ్లరిగేలా తిరిగాను. ప్రతి ఫొటోలోనూ పైన ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లగా, కింద సందు బొగ్గులా నల్లగా వచ్చింది. రెండో రోజు కాళ్లు నొప్పి పుట్టి ఒక కాఫీ దుకాణం ముందు కూలబడ్డాను. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఎదుటి గోడ మీద బెత్తెడు వెడల్పున ఎండ పడింది. అది మెల్లగా కిందికి జారి, ముందు ఆరేసిన దుప్పటిని, తరువాత మూలమలుపు గోడలో ఉన్న మరియమ్మ గూటిని, చివరకు కూరగాయల కొట్టు ముందు నిమ్మకాయల పెట్టెను వెలిగించింది. ఇరవై నిమిషాల్లో అంతా మళ్లీ చీకటి. ఇప్పటికీ మా ఇంటి గోడ మీద ఉన్నది ఆ నిమ్మకాయల ఫొటోయే.

కాబట్టి తక్కువ తిరగండి, ఎక్కువ కాచుకోండి. అక్టోబరులో ఎండ ఏటవాలుగా వస్తుంది. ఉత్తర దక్షిణాలుగా సాగే సందుల్లోనే అది నేల దాకా దిగుతుంది. మిగతావాటిలో పై అంతస్తుల దగ్గరే ఆగిపోతుంది. ఇంకో మాట, అక్టోబరు చివరి ఆదివారం దాకా అక్కడ గడియారాలు గంట ముందుంటాయి. పన్నెండుకే నడినెత్తిన ఎండ ఉంటుందనుకుని నిలబడితే గంటకు పైగా ఊరికే చూడాలి. ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరాలోకి వెలుతురు ఎంత రానివ్వాలన్నదాన్ని, ఎండ పడిన ముక్కకు సరిచూసుకోండి, నీడను నల్లగానే వదిలేయండి. ఆకాశాన్ని ఫ్రేములోకి రానివ్వకండి. దీనికి 35 చాలు. 24 పెడితే గోడలు మీదికి ఒరిగినట్టు వస్తాయి.

జెనోవా గోడలను నమ్మవద్దు. ఒకసారి సగం తెరిచిన కిటికీ రెక్క మీద నీడ భలే పడిందని, ఆ నీడ జరిగేదాకా చూద్దామని పావుగంట నిలబడ్డాను. జరగలేదు. కిటికీ, రెక్క, నీడ అన్నీ గోడ మీద వేసిన బొమ్మ! శిల్పాలకు, చట్రాలకు బదులు ఇలా రంగులతో భ్రమ కల్పించడం ఆ ఊరి పాత అలవాటు. ఇంటి నంబర్లూ అంతే. నివాసాలకు నల్ల అంకెలు, దుకాణాలకు ఎర్ర అంకెలు, రెండు వరుసలూ విడివిడిగా నడుస్తాయి. బస కోసం రాత్రి పది గంటలకు ఎర్ర 14 తలుపు బాదాను. అది మూసేసిన క్షౌరశాల. నేను వెతుకుతున్న నల్ల 14 చాలా దూరాన ఉంది.

చూడవలసినవాటిలో నేను మళ్లీ మళ్లీ వెళ్లింది సాన్ మత్తేయో అనే చిన్న కూడలికి. జెనోవా పాత ప్రభు కుటుంబాల్లో ఒకటైన దోరియా వంశంవారి గుడి, ఇళ్లు అన్నీ నలుపు తెలుపు రాతి చారలతో ఉంటాయి. మబ్బు పట్టిన రోజు అక్కడికే వెళ్లండి, చారలు చక్కగా విడిపడతాయి. దగ్గరలోని సాన్ లొరెన్‌జో పెద్ద చర్చిలో కుడివైపు ఒక ఫిరంగి గుండు నిలబెట్టి ఉంటుంది. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ యుద్ధనౌక పేల్చితే గోడను చీల్చుకుని లోపలికి వచ్చి పేలకుండా ఉండిపోయింది. గరిబాల్ది వీధిలోని భవంతులు, 2006లో యునెస్కో గుర్తించిన 42 రోల్లి భవనాల్లోవి (రాజ్య అతిథులకు బస ఇవ్వవలసిన ఇళ్ల జాబితాలే రోల్లి), బయట నుంచి తీయడం దండగ. వీధి మరీ ఇరుకు, వెనక్కి జరిగే చోటుండదు. తెరిచి ఉన్న ద్వారాల్లోంచి లోపలి ముంగిళ్లను తీయండి.

మద్దలేనా వీధి చుట్టుపక్కల గొందుల్లో కెమెరాను సంచిలో పెట్టుకోండి. దొంగల భయం కంటే పెద్ద కారణం, అక్కడ గుమ్మాల్లో విటుల కోసం నిలబడే స్త్రీలు ఫొటో తీయించుకోరు, తీయకూడదు కూడా. దూరంగా ఉన్న దీపం వైపు తిప్పినా నన్ను ఒకావిడ గట్టిగా కేకలేసింది. ఆవిడదే న్యాయం.

సాయంత్రం పోర్తెల్లో కూడలి నుంచి 1909 నాటి లిఫ్టులో, ఊరంతా కిందికి కనిపించే కాస్తెల్లెత్తో మిట్టకు ఎక్కండి. ఇక్కడ 24-70 పనికొస్తుంది. కింద బూడిదరంగు పలకరాతి కప్పులు, వాటి మీద బట్టలారేసిన డాబాలు, రేవు, పడమర అంచున 77 మీటర్ల లాంటెర్నా దీపస్తంభం. అది ఇప్పటి రూపంలో 1543 నుంచీ ఉంది. పొద్దు కుంకగానే అందరూ వెళ్లిపోతారు. మీరు ఇంకో అరగంట ఉండండి. కప్పులు నీలంగా మారి సందుల్లోంచి పసుపు వెలుగు పైకి ఉబికే క్షణాలు అప్పుడే వస్తాయి.

తెలుగువారు కనుక ఒక భవనం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రేవు ఎదుట ముఖమంతా రంగులు వేసిన సాన్ జోర్జో భవనం ఉంటుంది, 1260 నాటిది. 1298లో జెనోవా చెరలో ఉన్న మార్కో పోలో తన ప్రయాణాలను తోటి ఖైదీ రుస్తికెల్లోకు చెప్పి రాయించింది ఇక్కడేనని ఊరి నమ్మకం. ఆ పుస్తకంలో ముత్ఫిలి అని ఒక రాజ్యం వస్తుంది. సాలెగూడు లాంటి సన్నని బట్టలు, వజ్రాలు, న్యాయంగా ఏలే రాణి. అది మన మోటుపల్లి అని, ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల మాట. పోలో ఆమెను రాజు భార్య అని చెప్పడం మాత్రం పొరపాటు, ఆమె గణపతిదేవుడి కూతురు. ఆ గోడ ముందు నేను చాలాసేపు నిలబడ్డాను, ఒక్క మంచి ఫొటో రాలేదు. వంతెన రోడ్డు అడ్డం.

తిండికి భయం లేదు. శనగపిండిని నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పుతో కలిపి పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చే ఫరినాత మన శనగపిండి అట్టుకు దగ్గరి చుట్టం. మిరియాలు చల్లుకుంటే పచ్చిమిర్చి లేని లోటు కొంత తీరుతుంది. పొద్దున్నే అయితే ఆలివ్ నూనె ఓడే రొట్టె, వేడివేడి ఫొకాచ్చ.

ఇక ట్రైపాడ్. మిలాన్‌లోనే వదిలేయండి. గొందుల్లో దాని మూడు కాళ్లు చాపితే దారి మూసుకుపోతుంది, కాస్తెల్లెత్తోలో కెమెరా ఆనించడానికి కమ్మీలున్నాయి. దాని బదులు రెండు మెత్తటి గుడ్డలు పెట్టుకోండి. ఫొకాచ్చ తిన్న వేళ్లతో లెన్సు ముట్టుకుని, రెండో ప్రయాణంలో ఒక పూట ఫొటోలన్నీ నేను నూనె మరకలోంచే తీశాను.