ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయిన బండి గురించి

తమ్ముడూ,

నీ కథ చదివాను. నార్కట్‌పల్లిలో అద్దంకి రోడ్డు చీలే చోట షెడ్డు, పట్టేసిన ఇంజన్‌తో పాత స్విఫ్ట్ డీజిల్ టాక్సీ, చెర్వుగట్టు గుడికి అమావాస్య బేరాలు చేజారిపోతాయని డ్రైవర్ పడే ఆరాటం... ఇంతవరకూ నీ కలం ఎక్కడా తడబడలేదు. మూడో పేజీలో మాత్రం ఇలా రాశావు: "తెల్లవారేసరికి ఉస్తాద్ వేరే ఇంజన్ బిగించాడు. ఒక్క సెల్ఫ్‌కే బండి స్టార్టయింది." నాకు అక్కడ నమ్మకం పోయింది. కథ మొదలుకావలసిన చోట నువ్వు ముగించేశావు.

అంబాసిడర్లు, పాత జీపుల కాలంలో అయితే ఆ వాక్యం చెల్లేది. మౌంటింగులు కుదిరి, గేర్‌బాక్సు కలిసి, పైపుల్లో ఎయిర్ తీస్తే డీజిల్ ఇంజన్ తిరిగేది. నీ బండిలో ఉన్నది 1248 సీసీ కామన్‌రైల్ ఇంజన్, అంటే అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందేది. అందులో ఏ సిలిండర్‌లోకి ఎప్పుడు, ఎంత డీజిల్ చిమ్మాలో తేల్చేది ఈసీఎం, అంటే ఇంజన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ డబ్బా. దానికి లెక్క కుదరకపోతే సెల్ఫ్ ఎంత కొట్టినా క్రాంక్ (పిస్టన్లతో కలిసి తిరిగే ఇరుసు) తిరుగుతుందే తప్ప ఇంజన్ అందుకోదు. నువ్వు దాన్ని ‘కారుకు మెదడు’ అనేసి ముందుకు వెళ్లిపోయావు. ఆ పోలిక కొట్టెయ్. అందరూ వాడి వాడి అరగదీసినది, పైగా పాఠకుడికి ఏమీ చూపించదు. ఆ డబ్బా చేసే పని రాస్తే చాలు.

ఆ పనేమిటో చెబుతాను. క్రాంక్‌తో పాటే తిరిగే పళ్ల చక్రం ఒకటి ఉంటుంది. చాలా ఇంజన్లలో దాని మీద 60 పళ్లకు చోటు పెట్టి, కావాలనే రెండు పళ్లు తీసేస్తారు. అంటే పన్నుకు 6 డిగ్రీలు. పళ్లు సెన్సార్ ముందు నుంచి వరుసగా దాటుతుంటాయి. ఖాళీ ఎదురైన ప్రతిసారీ పిస్టన్లు ఎక్కడున్నాయో ఈసీఎం లెక్క కట్టుకుంటుంది. పైకి వచ్చిన పిస్టన్ గాలిని నొక్కుతోందా, పొగను బయటికి నెడుతోందా అన్నది వాల్వులను తెరిచే క్యామ్ దగ్గరి సెన్సార్ చెబుతుంది. క్రాంక్ సంకేతం అందకపోతే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు ఆజ్ఞ వెళ్లదు. పళ్ల వరుస వేరుగా ఉన్న ఇంజన్ తెచ్చి పాత ఈసీఎంకు తగిలిస్తే జరిగేదీ అదే.

ఇప్పుడు నిన్నొకటి అడుగుతాను. నీ డ్రైవర్ హైదరాబాద్ స్క్రాప్ నుంచి ఇంజన్ ఒక్కటే తెచ్చాడా, ఈసీఎం కూడా తెచ్చాడా? నీ కథలో ఆ మాటే లేదు. ముడి మొత్తం అక్కడే ఉంది.

ఈసీఎం కూడా తెచ్చాడనుకుందాం. అది పాత యజమాని తాళాన్ని మాత్రమే గుర్తుపడుతుంది. తాళంలోని చిన్న చిప్‌ను ఇగ్నిషన్ చుట్టూ ఉన్న రింగ్ చదువుతుంది. ఆ కోడ్ సరిపోకపోతే చాలా బండ్లలో సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. డాష్‌బోర్డు మీద ఇమ్మొబిలైజర్ (దొంగతనాన్ని అడ్డుకునే ఏర్పాటు) దీపం మిణుకుతూ ఉంటుంది. తన సొంత బండి, తన సొంత తాళం, అయినా లోపల ఉన్నది దొంగను చూసినట్టు చూస్తోంది. డ్రైవర్ ముఖం ఎలా ఉంటుందో రాయడానికి నీకు నా సాయం అక్కర్లేదు.

తన బండిలోని పాత ఈసీఎంనే ఉంచాడనుకుందాం. తాళం గొడవ లేదు, ఇంజెక్టర్ల గొడవ వస్తుంది. చాలా కామన్‌రైల్ ఇంజన్లలో ప్రతి ఇంజెక్టర్ నెత్తిన ఒక కోడ్ చెక్కి ఉంటుంది. ఫ్యాక్టరీలో పరీక్షించినప్పుడు అది చిమ్మే డీజిల్‌లో తేలిన వెంట్రుకవాసి తేడా ఆ అక్షరాల్లో ఉంటుంది. వాటిని స్కానర్‌తో (ఈసీఎంతో మాట్లాడే పరికరం) ఈసీఎంలోకి ఎక్కించాలి. ఎక్కించకపోతే బండి స్టార్టవుతుంది కానీ నిలకడగా ఆడదు, వణుకుతుంది, పొగ కక్కుతుంది. జిడ్డు పట్టిన ఇంజెక్టర్ నెత్తిని డీజిల్ గుడ్డతో తుడిచి, సెల్‌ఫోన్ లైటు పట్టుకుని, అది ఎనిమిదా ‘బి’ అక్షరమా అని కళ్లు చికిలించే కుర్రాడు ఒకడు నీ కథకు కావాలి.

స్క్రాప్ షాపువాడి నోట ఒక మాట పెట్టు: "ఏ బండిదైనా ఇంజన్ ఒకటే." ఫియట్ రూపొందించిన ఆ ఇంజన్ ఫియట్, మారుతి, టాటా బండ్లలో వచ్చింది కాబట్టి, ఇనుము వరకు వాడి మాట చాలావరకు నిజం. సెన్సార్లు, వైరింగ్, ఈసీఎంలో రాసి ఉన్న ప్రోగ్రాం దగ్గరికి వచ్చేసరికి కాదు. పాత్ర చేత శుద్ధ అబద్ధం ఆడించడం కంటే ఇలా సగం నిజం చెప్పించడం నాకు ఎప్పుడూ ఇష్టం.

ఇక నీకు తప్పనిసరిగా ఎదురయ్యే ప్రలోభం ఒకటుంది. నల్లగొండ నుంచి ల్యాప్‌టాప్ కుర్రాడిని దించుతావు, ఉస్తాద్‌ను తలదించుకునేలా చేస్తావు, కాలం మారిందని రాస్తావు. దయచేసి ఆ పని చేయకు. స్కానర్ పి0335 అని లోపం కోడ్ చూపిస్తుంది. క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపం అని దాని అర్థం. సర్క్యూట్ అంటే సెన్సార్, దాని వైర్లు, కనెక్టర్ అన్నీ. ఎక్కడ అన్నది మాత్రం అది చెప్పదు. కుర్రాడు కొత్త సెన్సార్ తెప్పిస్తాడు, అయినా అదే కోడ్. అప్పుడు ఉస్తాద్ బండి కిందికి దూరి, గేర్‌బాక్సు బిగించేటప్పుడు ఇంజన్‌కూ దానికీ మధ్య నలిగిన వైరును వేలితో తడిమి పట్టుకుంటాడు. బిగించింది తనే కదా, ఎక్కడ ఇరుకైందో చేతికి గుర్తుంటుంది. ఆ తర్వాత తాళం కోడో, పాత ఈసీఎం అయితే ఇంజెక్టర్ల కోడో కలపడానికి మళ్లీ ఆ కుర్రాడే కావాలి. ఇద్దరిలో ఎవరూ గెలవనవసరం లేదు. ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు బిగించడం మరిచిపోవడం కూడా షెడ్లలో మామూలే, అదైనా వాడుకో. రెండూ పెడితే మాత్రం కథ మెకానిక్ పాఠం అయిపోతుంది.

ఇక్కడ నేను రాసిందంతా కథలోకి ఎక్కించకు. ఉస్తాద్ పళ్ల చక్రం గురించి ఉపన్యాసం ఇవ్వడు, "సిగ్నల్ వస్తలేదు" అంటాడు, అంతే. ఆ ఒక్క మాట వెనక ఉన్నదంతా నీకు తెలిసి ఉంటే అతని చేతులు ఎటు వెళ్తాయో తప్పు లేకుండా రాయగలుగుతావు. ముందు ఒక రోజంతా ఏదైనా షెడ్డులో కూర్చో. ప్రశ్నలు అడగకు, పానాలు అందించు.

ఇంకొకటి. ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. ఇంజన్ మారిస్తే ఆ సంగతి రవాణా శాఖకు తెలిపి ఆర్‌సీలో నమోదు చేయించాలి. నీ డ్రైవర్ బిల్లు లేకుండా కొన్నాడని నువ్వే రాశావు. రేపు చిట్యాల దగ్గర బండి ఆపి తనిఖీ చేస్తే అతను ఏం చూపిస్తాడు? వీలైతే అది మరో కథగా రాయి, ఇందులో ఇరికించకు.

మూడో పేజీ నుంచి తిరగరాసి, టైపు చేయించి పంపు. అమావాస్యకు బండి అందిందా లేదా అన్నది నీ ఇష్టం. అందకపోయినా నాకు అభ్యంతరం లేదు.

ఆశీస్సులతో,
మహబూబ్‌నగర్ నుంచి
మీ అన్న