భారీ శరీరానికి, వెడల్పు పాదానికి సరిపడే బూట్లు: అమెరికాకు కొత్తగా వచ్చినవారికి

కొత్తగా అమెరికా వచ్చిన మనవాళ్లు ఇల్లు, కారు, ఆరోగ్య బీమా గురించి నిస్సంకోచంగా అడుగుతారు కానీ బూట్ల సంగతి అంత తేలిగ్గా ఎత్తరు. కాస్త భారీ శరీరం ఉన్నవారికి మొహమాటం మరీ ఎక్కువ. అక్కడ చెప్పులతో హాయిగా గడిచిన పాదం ఇక్కడ పొద్దున్నే బూటులో దూరి సాయంత్రం దాకా అందులోనే ఉండాలి. బూటు కరిచి చిటికెనవేలు బొబ్బలెక్కుతుంది, కొన్ని నెలలకు మడమ నొప్పి మొదలై పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయడమే కష్టమవుతుంది. చివరికి తమ ఒంటికి ఇక్కడ బూట్లు దొరకవనే నిర్ణయానికి వచ్చేస్తారు. నిజానికి దొరుకుతాయి. మామూలు దుకాణంలో అరల మీద కనబడవు, అంతే. ఏమని అడగాలో, ఎక్కడ వెతకాలో తెలిస్తే చాలావరకు వంద డాలర్లలోపే పని జరుగుతుంది.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసినది, ఇక్కడ బూటుకు రెండు కొలతలుంటాయన్న సంగతి. అంకె పొడవును చెబితే, దాని పక్కనున్న అక్షరం వెడల్పును చెబుతుంది. మగవారికి ‘డి’ అంటే మామూలు వెడల్పు, ‘2ఇ’ అంటే వెడల్పు, ‘4ఇ’ అంటే మరింత వెడల్పు. కొన్ని కంపెనీలు ‘6ఇ’ దాకా కూడా చేస్తాయి. ఆడవారికి ‘బి’ మామూలు, ‘డి’ వెడల్పు, ‘2ఇ’ మరింత వెడల్పు. కొన్ని పెట్టెల మీద ఈ అక్షరాలకు బదులు ఒక ‘డబ్ల్యూ’, రెండు ‘డబ్ల్యూ’లు ఉంటాయి. బూటు నాలుక వెనకవైపు కుట్టిన చిన్న చీటీ మీద సైజు పక్కన ఏ అక్షరమూ లేకపోతే అది మామూలు వెడల్పేనని అనుకోవచ్చు. ఇండియాలో మనకు వెడల్పు అడిగే అలవాటు లేదు. బిగుతుగా ఉందంటే దుకాణదారు ఒక సైజు పెద్దది తెచ్చి ఇస్తాడు, మనమూ సర్దుకుపోతాం. ఆ అలవాటుతోనే ఇక్కడా కొనేస్తే డబ్బు వృథా అవుతుంది, కాలూ పాడవుతుంది. పొడవులో ఒక సైజు పెరగడమంటే అంగుళంలో మూడో వంతు పెరగడం. ఆ పెరిగినదంతా వేళ్ల ముందు ఖాళీగా మిగులుతుంది, వెనక మడమ జారుతుంది, బొటనవేలి మొదట్లో పాదం వంగే చోటు ఒకటైతే బూటు వంగే చోటు మరొకటవుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు ముందు కొస తట్టుకుంటుంది. బరువైన మనిషి ఒకసారి తూలితే నిలదొక్కుకోవడం సులువు కాదు కాబట్టి, ఒంటి బరువు ఎక్కువున్నవారు పొడవు పెంచి వెడల్పు సంపాదించే పని అసలు చేయకూడదని నేను గట్టిగా చెబుతాను.

పాదం వెడల్పుగా ఉండటానికి ఒంటి బరువొక్కటే కారణం కాదు. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశవ్యాప్తంగా లక్షమందికి పైగా మనుషుల పాదాలను కొలిచింది. యూరప్, అమెరికా వారితో పోలిస్తే భారతీయుల పాదాలు సగటున వెడల్పుగా ఉన్నాయని తేల్చి, మనకంటూ ‘భ’ అనే కొత్త సైజుల పద్ధతిని ప్రతిపాదించింది. దీనికి వయసు, గర్భధారణ, మధుమేహం, రోజంతా నిలబడే ఉద్యోగం తోడైతే పాదం ఇంకాస్త పరుచుకుంటుంది. అందువల్ల మీ కాలికి 4ఇ కావాలని తేలితే చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. కళ్లజోడుకు పవర్ ఎలాగో దీనికి ఆ అక్షరం అలాగ.

కొలత సాయంత్రంపూట తీసుకోవాలి, ఎందుకంటే పొద్దున్నుంచి సాయంత్రానికి పాదం కొంత ఉబ్బుతుంది. కూర్చుని కాకుండా, బరువంతా ఆనించి నిలబడి, రెండు పాదాలనూ కొలవాలి. చాలామందికి రెండూ ఒకే కొలతలో ఉండవు, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. సిరక్యూజ్ పట్టణానికి చెందిన చార్లెస్ బ్రానాక్ 1920లలో రూపొందించిన లోహపు కొలత పలక ఇప్పటికీ పాత పద్ధతి బూట్ల దుకాణాల్లో కనిపిస్తుంది. చల్లని ఆ పలక మీద మడమను వెనక గుంటలో ఆనించి నిలబడితే, ఒక జరుపుడు ముక్క బొటనవేలి మొదలు ఎముక దగ్గర ఆగుతుంది, పక్కనుంచి ఒక పట్టీ వచ్చి పాదాన్ని తాకుతుంది. మడమ నుంచి వేళ్ల కొస దాకా ఒక అంకె, మడమ నుంచి ఆ ఎముక దాకా ఇంకో అంకె, పక్క పట్టీ మీద వెడల్పు అక్షరం వస్తాయి. వేళ్లు పొట్టిగా, పాదం పొడవుగా ఉన్నవారికి మొదటి రెండు అంకెలూ వేరువేరుగా రావచ్చు. అప్పుడు పెద్ద అంకెనే పట్టుకోవాలి. పెద్ద మాల్‌లలో సొంతంగా తీసి చూసుకునే దుకాణాలే ఎక్కువ, అక్కడ కొలిచేవారు ఉండరు. పరుగు బూట్లు అమ్మే ప్రత్యేక దుకాణాల్లో, న్యూ బ్యాలెన్స్ వారి సొంత దుకాణాల్లో అడిగితే కొలుస్తారు. ఫ్లీట్ ఫీట్ దుకాణాల్లో పాదాన్ని యంత్రంతో స్కాన్ చేసి చూపిస్తారు. కొలిపించుకున్నంత మాత్రాన కొనితీరాలనే నిర్బంధం లేదు. ఆ అంకె, అక్షరం ఫోనులో రాసిపెట్టుకోండి. ఇండియా సైజు గుర్తుంది కదా అనుకోకండి. మన దగ్గర నడిచేది బ్రిటిష్ లెక్క, మగవారికి ఇక్కడి అంకె దానికంటే అర నుంచి ఒక సైజు, ఆడవారికి సుమారు రెండు సైజులు ఎక్కువ ఉంటుంది.

ఇంట్లోనే చేసుకోదగిన పరీక్ష కూడా ఉంది. ఇప్పుడు వేసుకుంటున్న బూటులో లోపలి మెత్త ఊడివస్తే, దాన్ని బయటికి తీసి నేల మీద పరచి పైన నిలబడండి. చిటికెనవేలి వైపు కండ ఆ మెత్త అంచు దాటి బయటికి వస్తోందంటే, పొడవు ఎంతున్నా ఆ బూటు మీకు ఇరుకే. వాడిన బూటును పక్కనుంచి చూసినప్పుడు పైభాగం సోల్ అంచు మీదుగా పొంగి వేలాడుతున్నా, చిటికెనవేలి దగ్గర గుడ్డ చిరిగినా అదే అర్థం.

ఇక ఏవి కొనాలన్న సంగతి. వెడల్పుల విషయంలో నేను ముందుగా చెప్పే పేరు న్యూ బ్యాలెన్స్. 1906లో బోస్టన్‌లో అరికాలి వంపుకు ఆసరాలు తయారుచేయడంతో మొదలైన ఈ కంపెనీ ఒకే నమూనాను నాలుగైదు వెడల్పుల్లో చేస్తుంది. వారి 608 నమూనా చూడటానికి సాదాసీదాగా ఉంటుంది కానీ 4ఇలో వంద డాలర్లలోపు దొరుకుతుంది, గట్టిగా నిలుస్తుంది. బ్రూక్స్ వారి అడిక్షన్ వాకర్, హోకా వారి బాండై కూడా 4ఇలో వస్తాయి, ధర ఎక్కువ. స్కెచర్స్‌లో వెడల్పువి చవకగానే దొరుకుతాయి, కానీ అందులో బాగా మెత్తటి నురుగు (ఫోమ్) ఉన్న రకాలను భారీ శరీరం ఉన్నవారికి నేను సిఫారసు చేయను. దుకాణంలో వేసుకున్న రెండు నిమిషాలు దూది మీద నడిచినట్టే ఉంటుంది, కొద్ది వారాల్లో ఆ మెత్తదనం బరువుకు అణిగిపోయి, కాలు ఒక పక్కకు ఒరగడం మొదలవుతుంది. బూటు చేతిలోకి తీసుకుని మడమ వెనక గోడను బొటనవేలితో నొక్కండి, లోపలికి సొట్టపడకూడదు. రెండు కొసలూ పట్టుకుని బట్ట పిండినట్టు మెలితిప్పండి, సులువుగా తిరగకూడదు. వేళ్ల దగ్గర మాత్రం వంగాలి.

మామూలుగా నడక బూట్లకు 300 నుంచి 500 మైళ్లు ఆయుష్షు అని చెబుతారు. బరువు ఎక్కువున్నప్పుడు ఆ తక్కువ అంకెనే నమ్ముకోవాలి. రోజుకు రెండు మైళ్లు నడిచేవారికి అది ఐదు నెలలు. పైన కొత్తగానే కనబడినా లోపలి నురుగు చచ్చిపోయి ఉంటుంది. అందుకని ఖరీదైన జత ఒకటి కొనేకంటే, మధ్యరకం జతలు రెండు కొని రోజు మార్చి రోజు వేసుకోవడం మంచిదని నా అభిప్రాయం. నురుగు తేరుకుంటుంది, చెమట ఆరుతుంది, రెండూ కలిపి ఎక్కువకాలం వస్తాయి. ఏ నమూనాకైనా కొత్త రూపం విడుదలైనప్పుడు పాతదాని ధర బాగా తగ్గుతుంది. న్యూ బ్యాలెన్స్ మిగులు సరుకును జోస్ పేరుతో ఆన్‌లైన్‌లో తగ్గింపుకు అమ్ముతారు. జాపోస్ అనే ఆన్‌లైన్ బూట్ల దుకాణంలో వెడల్పును బట్టి వడకట్టి చూసుకోవచ్చు. మసాచుసెట్స్‌లోని హిచ్‌కాక్ వారు వెడల్పు పాదాల మగవారి కోసమే బూట్లు అమ్ముతారు, ఆఫీసుకు తోలు బూట్లు కావలసినవారికి అది ఉపయోగం. ఇంకో విషయం, మా న్యూజెర్సీలోనూ, పక్కనున్న పెన్సిల్వేనియాలోనూ మామూలు బట్టలకు, పాదరక్షలకు అమ్మకపు పన్ను లేదు. పన్ను ఉన్న రాష్ట్రం నుంచి ఇటు చుట్టాలింటికి వచ్చినప్పుడు కుటుంబానికంతటికీ కొనుక్కువెళ్లేవారున్నారు.

ఆడవారికి వెడల్పు బూట్లు ఉన్నా రకాలు తక్కువ. అటువంటప్పుడు మగవారి విభాగంలో చూడటానికి సందేహించవద్దు. ఆడవారి సైజులో ఒకటిన్నర తీసేస్తే మగవారి సైజు వస్తుంది. మగవారి మామూలు వెడల్పు ‘డి’, ఆడవారి వెడల్పు రకానికి దాదాపు సమానం. తొమ్మిదిన్నర ‘డి’ కోసం వెతికి విసిగిన అమ్మాయి, మగవారి ఎనిమిది మామూలుది వేసుకుని చూడవచ్చు. పిక్కల దాకా వచ్చే బూట్లలో ఇంకో కొలత ఉంటుంది. మామూలువి పిక్క దగ్గర సుమారు 15 అంగుళాల చుట్టుకొలతతో వస్తాయి, చాలామందికి జిప్పు సగంలోనే ఆగిపోతుంది. సాయంత్రం, లోపల వేసుకునే ప్యాంటు మీదుగానే, పిక్క బాగా లావుగా ఉన్నచోట టేపుతో కొలిచి, వెడల్పు పిక్క అని ప్రత్యేకంగా రాసినవే చూడండి. నాచురలైజర్, లేన్ బ్రయంట్, టారిడ్ ఇవి అమ్ముతాయి. ఆ బూట్ల వివరాల్లో చుట్టుకొలత అంగుళాల్లో రాసి లేకపోతే కొనవద్దు.

మంచు బూట్ల విషయంలో రెండు మాటలు. ఇరుకు బూటులో కాలు ఎక్కువ చల్లబడుతుంది, ఎందుకంటే వెచ్చదనాన్ని పట్టి ఉంచే గాలికి చోటుండదు, రక్తం సరిగా ఆడదు. కాబట్టి మందపాటి ఉన్ని మేజోళ్లు వేసుకునే చూసుకోవాలి. నూలు మేజోళ్లు చెమట పీల్చి తడిగానే ఉంటాయి. కొలంబియా వారి బుగాబూట్‌లో వెడల్పు రకం ఉంది, 1912 నుంచి మెయిన్ రాష్ట్రంలో ఉన్న ఎల్.ఎల్. బీన్ కూడా వెడల్పువి చేస్తుంది. చలికాలం చివరి తగ్గింపు కోసం ఆగమని అందరూ సలహా ఇస్తారు, కానీ వెడల్పు సైజులు తెచ్చేదే కొన్ని జతలు, ఫిబ్రవరి నాటికి అవి మిగలవు. మీరు అక్టోబరులోనే కొనుక్కోండి.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది గడప దగ్గరిది. గుడికి వెళ్లినా, స్నేహితుల ఇంటికి వెళ్లినా, సొంత ఇంట్లో అడుగుపెట్టినా బూట్లు విప్పాలి. పొట్ట ఉన్నవారికి వంగి లేసులు కట్టుకోవడం ఊపిరాడని పని, దానికి భయపడి లేసులు కట్టే ఉంచి మడమను తొక్కి దూరుస్తారు. కొద్ది రోజుల్లో బూటు వెనక గోడ చచ్చి, ఆసరా అంతా పోతుంది. దీనికి మంచి ఉపాయాలున్నాయి. సాగే లేసులు ఎక్కించుకుంటే ఒకసారి సరిచేసుకున్నాక మళ్లీ ముడి వేయనక్కర్లేదు. రెండడుగుల పొడవున్న బూటు గరిటె (షూహార్న్) తలుపు దగ్గర తగిలించుకుంటే వంగకుండానే మడమ లోపలికి జారుతుంది. వంగకుండా తొడుక్కోవడానికే చేసిన బూట్లు స్కెచర్స్, కిజిక్ కంపెనీలవి ఉన్నాయి, వెడల్పు రకాల్లోనూ వస్తాయి. తలుపు పక్కన గట్టి బల్ల ఒకటి వేసుకోండి, ఇంటికి వచ్చే పెద్దవారికీ అది దయ చేసినట్టే. ఇంకో సంగతి, ఇంట్లో చెక్కనేల మీద వట్టికాళ్లతో గంటల తరబడి వంటచేస్తే మడమ నొప్పి తగ్గదు. ఇంటి లోపల వాడుకోవడానికి మాత్రమే గట్టి చెప్పుల జత ఒకటి పెట్టుకోవాలి.

క్యాంపస్ భోజనశాలల్లో పనిచేసే విద్యార్థులు జారని సోల్ ఉన్న బూట్లను, వెడల్పు రకంలోనే, మొదటి జీతం దాకా ఆగకుండా కొనుక్కోవాలి. నూనె పడిన నేల మీద మామూలు పరుగు బూటు నిలవదు.

తల్లిదండ్రులను రప్పించుకునేవారు వాళ్లకు మధుమేహం ఉంటే మరింత జాగ్రత్తపడాలి. స్పర్శ తగ్గిన పాదానికి బూటు కరిచినా తెలియదు, బొబ్బ పుండుగా మారాక చూస్తాం. రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు వెలుతురులో చూడండి, ఎరుపు కనబడితే ఆ బూట్లు మానిపించి పాదాల వైద్యుడికి చూపించండి. పెద్దవారికి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా అయిన మెడికేర్, సందర్శకులుగా వచ్చినవారికి వర్తించదు. గ్రీన్‌కార్డు మీద ఐదేళ్లు నిరంతరంగా ఇక్కడ ఉండి, 65 నిండినవారు అందులో పార్ట్ బి అనే భాగానికి ప్రీమియం కట్టి చేరవచ్చు; అందులో తీవ్రమైన పాదాల సమస్య ఉన్న మధుమేహ రోగులకు, వైద్యుడు ధ్రువీకరిస్తే, ఏడాదికి ఒక జత ప్రత్యేక బూట్ల ఖర్చులో తమ వాటా పోను మిగతాది వస్తుంది. మనవాళ్లలో ఈ సౌకర్యం తెలిసినవారు తక్కువ, అర్హత ఉన్నవారు తప్పక అడగాలి. వాళ్లింకా బయలుదేరకముందే కొనిపెట్టదలిస్తే, సాయంత్రం ఒక తెల్ల కాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిలు నిటారుగా పట్టి గీయించి, పొడవు, వెడల్పు స్కేలుతో కొలిచి ఫొటో పంపమనండి. అయితే విమానం దిగిన రోజే వేసి చూడవద్దు, ప్రయాణపు వాపు తీయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

ఎవరికి కొన్నా, ఇంటికి తెచ్చాక చీటీలు తెంపకుండా సాయంత్రం మేజోళ్లతో తివాచీ మీద అరగంట నడిచి చూడండి. కొన్నాళ్లు వేసుకుంటే సాగుతాయిలే అని సరిపెట్టుకోవద్దు, బూటు మొదటి రోజే హాయిగా ఉండాలి. లేకపోతే రశీదుతో సహా మర్నాడే వెనక్కి ఇచ్చేయండి. ఇక్కడ అది మామూలు విషయం, ఎవరూ ఏమీ అనుకోరు.